పదునైదు సెంట్ల వాన

డాక్టర్ కేశవమూర్తి మాట్లాడుతున్నాడు. సుద్దముక్క పట్టుకోవడం కూడా చేతకాదు ఆయనకు, సూది మందు వేసేవాడిలా మూడు వేళ్ళతో పట్టుకుంటాడు, గీత గీసినప్పుడల్లా బోర్డు కీచుమంటుంది, నా పళ్ళు జివ్వుమంటాయి, ఇన్నేళ్ళుగా బడిలో సుద్దముక్కతోనే బతుకుతున్నవాణ్ణి, ఇటివ్వండి డాక్టరుగారూ అని లాక్కోవాలనిపిస్తోంది. లాక్కోను. బెంచీ చివర చేతులు కట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చుంటాను. వాసుదేవ్ వాళ్ళ వేరుశనగ గోడౌను మీది మిద్దె ఇది, కింద గోనెసంచులు, పైన గణితం, కాయల వాసన మెట్లెక్కి వచ్చి మా సమీకరణాల మధ్య కూర్చుంటుంది. కిటికీలోంచి పావగడ కొండ ఎండకు తెల్లబడి కనిపిస్తోంది. బెంగళూరు నుంచి వచ్చిన ప్రొఫెసర్ పేము కుర్చీలో ఉన్నాడు, కోలారు వైపు తెలుగాయన, యుద్ధం వచ్చాక బస్సులు బొగ్గు పొయ్యి మీద నడుస్తున్నాయి కదా, ఆయన తెల్ల కాలరు మీద మసి అలాగే ఉంది, ఆయనకు తెలియదు, చెప్పేవాళ్ళు లేరు. తెలిసీ చెప్పనిది ఈ గదిలో ఇంకొకటి కూడా ఉంది. అది నా నోట్లో ఉంది. బోర్డు మీద డాక్టర్ గీసిన ఆ గీత, మధ్యలో గోపురంలా లేచిన ఆ మొన, దాని కింద పెద్దగా రాసిన పదిహేను అనే అంకె, మా వైపు పదునైదు అంటారు, ఆ అంకె ఉత్తది. ఒక్క మాట అంటే గోపురం కూలిపోతుంది. ఈ సంగతి ఈ గదిలో నాకొక్కడికే తెలుసు.

ఈయన్ని ఇక్కడికి తెచ్చింది ఎవరు? నేనే. నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. నేనూ వాసుదేవ్ ఇద్దరమే మొదలుపెట్టాం ఈ గోష్ఠిని, ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఇక్కడికి చేరేవాళ్ళం, బజారులో వాళ్ళు లెక్కల భజన అని పేరు పెట్టారు, ఏమప్పా ఈ వారం తాళాలు వినపడలేదే అని ఎగతాళి చేసేవాళ్ళు. కాలేజీలో మిగిలిపోయిన లెక్కల్నే మళ్ళీ మళ్ళీ నెమరేస్తున్నాం, బయటి నుంచి సరుకు రావాలి, రోగాలు చూసేవాడు కావాలి, నీళ్ళు చూసేవాడు కావాలి, వాళ్ళ ప్రశ్నలకు మన గణితం తొడగాలి, లేకపోతే మన లెక్కలు మన దగ్గరే ఎండిపోతాయి అని పెద్ద ఉపన్యాసం ఇచ్చింది నేను. వాసుదేవ్ కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. సరేరా అన్నాడు. చెరువుల ఓవర్సియర్ నరసప్పను పిలిచాం, వచ్చాడు, ఇదిగో ఇప్పుడు కూడా కిటికీ పక్కన కునుకు తీస్తున్నాడు, ఆయనతో ఏ బాధా లేదు. తర్వాత ఆసుపత్రికి కొత్తగా మైసూరు నుంచి కన్నడ డాక్టరొచ్చాడని విని నేనే వెళ్ళి చేతులు పట్టుకుని పిలుచుకొచ్చాను. ఆయనకు జ్వరాల లెక్కలంటే పిచ్చి. మొదటి రోజే వాసుదేవ్‌తో పొద్దుగూకే దాకా మాట్లాడాడు. మెట్లు దిగుతూ వాసుదేవ్, "ఎట్లాంటి మనిషిని తెచ్చినావురా గంగా" అన్నాడు, వీపు తట్టాడు కూడా. అప్పుడు పొంగిపోయాను. ఎంత తెలివితక్కువవాణ్ణి.

మైసూరులో మా ఇద్దరికీ ఒకే గది. నేను బలసముద్రం రైతు బోరయ్య కొడుకుని, గంగాధరను, వాడు పావగడ బజారులో పెద్ద అంగడి వాళ్ళబ్బాయి, ఊళ్ళో ఉండగా వాళ్ళ అంగడి మెట్టు కూడా ఎక్కినవాణ్ణి కాదు. అక్కడ ఆ గదిలో ఊరూ లేదు, అంగడీ లేదు, ఒక లెక్క ఉండేది, దానికి ఇటు వాడు, అటు నేను. వాడికి ఏదైనా తట్టినప్పుడు నోరు పెగలదు, పక్కవాడి మోకాలి మీద రెండు వేళ్ళతో టక్కుటక్కున కొడతాడు, ఆ తర్వాతే మాట వస్తుంది. ఎన్నిసార్లు కొట్టాడో నా మోకాలి మీద. పెళ్ళయ్యాక కూడా నాకు అంతకంటే దగ్గరితనం ఇంకొకటి తెలియదు, ఈ మాట ఆంజినమ్మ వింటే చేట తీసుకుని కొడుతుంది. ఉద్యోగం వెతుక్కోవలసిన వేళ బెంగళూరులో బడి దొరికినా వద్దనుకుని పావగడ బడికి వచ్చింది ఎందుకు? నాన్న పెద్దవాడయ్యాడు అని అందరితో చెప్పాను. నాన్న రాయిలా ఉన్నాడు. వాసుదేవ్ ఈ మిద్దె మీద ఉన్నాడు కాబట్టి వచ్చాను. పోయిన ఉగాది తర్వాత ఒక ఆదివారం, ఇక్కడే, డాక్టర్ ఏదో పట్టిక చదువుతున్నాడు, వాసుదేవ్ చెయ్యి లేచింది, వచ్చి డాక్టర్ మోకాలి మీద టక్కుటక్కున వాలింది. నేను కిటికీలోంచి కొండను చూశాను. కొండలో చూడటానికేం లేదు.

వాళ్ళకు తట్టింది ఈ వాన సంగతే. తాలూకా మొత్తానికి వాన కొలిచే గేజీ కచేరీ దగ్గర ఒక్కటే ఉంది, అంగుళంలో నూరో వంతు సెంటు, ఆ సెంట్ల లెక్కన కొలుస్తారు. కానీ పావగడలో పడిన వాన తిరుమణిలో పడదు, తిరుమణిలో పడింది వెంకటమ్మనహళ్లిలో పడదు, మా సీమ వానకు బుద్ధి స్థిమితం లేదు. జ్వరాలు ఊరూరికీ వేరుగా వస్తున్నాయి, వానలూ ఊరూరికీ వేరుగా తెలియాలి అన్నాడు డాక్టర్. ఖాళీ మందు సీసాలకు గీతల కాగితం అంటించి ఊళ్ళకు పంచాడు, ఆసుపత్రికి వచ్చినప్పుడు మీ ఊళ్ళో ఎన్ని సెంట్లో చూసి చెప్పండి అన్నాడు. పాపం, కాగితం రెండో వానకే కొట్టుకుపోయింది, సీసాలో మా ఊరి లక్ష్మక్క ఆముదం పోసుకుంది, ఇంకెవరో సారాయి పోసుకున్నారు. అయినా డాక్టర్ అడుగుతూనే ఉన్నాడు, వాళ్ళు తోచింది చెబుతూనే ఉన్నారు, ఈయన రాసుకుంటూనే ఉన్నాడు. వాసుదేవ్ ఆ అంకెలన్నీ పోసి గీత గీస్తే మధ్యలో పదునైదు దగ్గర ఈ మొన లేచింది. పదునైదు సెంట్లు పడిన ఊళ్ళో కొన్నాళ్ళకు జ్వరం వస్తోంది, అంతకు తక్కువైతే రావడం లేదు, దోమలు పుట్టే గుంటలు నిండటానికి అదే గురుతు అన్నారు. పదునైదు నియమం అని పేరు పెట్టుకున్నారు. వాసుదేవ్ దానికి కట్టిన గణితం అందంగా ఉంది, ఒప్పుకోక తప్పదు, నేను ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని వాడి చేత ఇలాంటిది ఒక్కటి రాయించలేకపోయాను.

గురువారం ఆసుపత్రికి వెళ్ళాను, చెవిపోటు. బెంచీ మీద కూర్చున్నాను. మా ఊరి లక్ష్మక్క మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. డాక్టర్ పాప నాలుక చూస్తూనే, వచ్చీరాని తెలుగులో, "లక్ష్మక్కా, మీ ఊర్లో వాన ఎంత బిద్దింది?" అని అడిగాడు. ఆమె ఉత్సాహంగా, "పదునైంది సామీ! బాగా పదునైంది!" అంది. ఈయన ముఖం వెలిగిపోయింది. "పదునైదు! మళ్ళీ పదునైదు! చూసినారా గంగాధరప్పనవరే?" అని కలం తీసి రాసుకున్నాడు. నాకు చెవిపోటు ఎటు పోయిందో తెలియదు. కన్నడంలో హ ఉన్నచోట తెలుగులో ప పెడితే తెలుగు వచ్చేస్తుంది అని ఆయన సూత్రం, హాలు అంటే పాలు, హులి అంటే పులి, హదినైదు అంటే పదునైదు, ఆ సూత్రంతోనే మా భాష నేర్చుకున్నానని అందరికీ చెప్పుకుంటాడు. ఇన్నాళ్ళూ ఊళ్ళవాళ్ళు నేల పదునైంది అంటున్నారు, తడి లోపలికి దిగింది, నాగలి కట్టొచ్చు అంటున్నారు. ఈయన పదునైదు సెంట్లు అని రాసుకుంటున్నాడు. గోపురం అంతా ఆ ఒక్క మాట మీద లేచింది. నేను నవ్వలేదు. లక్ష్మక్క నా వంక చూసి, "ఏం గంగన్నా, మీ నాయన విత్తనం ఏసినాడా?" అంది. వేశాడన్నాను. చెవిలో మందు వేయించుకోకుండానే ఇంటికొచ్చాను. దారంతా ఆ మాటను నోట్లో వేసుకుని చప్పరించాను, బెల్లంలా ఉంది.

మర్నాడు శుక్రవారం సాయంత్రం వాసుదేవ్ మా ఇంటికి వచ్చాడు. ఎన్ని నెలలైందో మా గడప తొక్కి. మామూలు రోజుల్లో అయితే ఎగిరి గంతేసేవాణ్ణి. చాప మీద కూర్చుని గణితమంతా నా ముందు పరిచాడు, "ఆదివారం సారొస్తాడురా, వేసవిలో బెంగళూరులో గణితం వాళ్ళను, వైద్యం వాళ్ళను, నీళ్ళ పని వాళ్ళను ఒకే చోట కూర్చోబెట్టి చదివిస్తారంట, మన గోష్ఠికి ఇద్దరికే చోటంట. ఇది నచ్చితే నేనూ డాక్టరూ పోతాము. యాడన్నా తప్పుంటే నువ్వే చెప్పల్ల, నీ కన్ను పడితే గానీ నాకు నమ్మకం రాదు" అన్నాడు. నేనూ డాక్టరూ అన్నాడు, ఎంత సులువుగా అన్నాడు, ఉప్పూ కారం అన్నట్టు అన్నాడు. నేను కాగితాలన్నీ చదివాను. గుణకాలు సరిచూశాను. తప్పేం లేదు అన్నాను. గణితంలో లేదు, నిజమే. ఆ ఒక్క ముక్క కింద దాక్కున్నాను. వాడు వెళ్ళేటప్పుడు ఆంజినమ్మ ఇచ్చిన అలసందల వడలు కాగితంలో కట్టుకుని, డాక్టరుకు ఇష్టం ఇవి అన్నాడు. అప్పటిదాకా కొద్దిగా మిగిలి ఉన్న మంచితనం ఆ వడలతో పాటు వీధి మలుపు తిరిగింది.

నాగరత్నమ్మగారు కాఫీ పంపించారు. వాసుదేవ్ అమ్మ. ప్రొఫెసర్‌కు వెండి లోటా, సరే, దూరం నుంచి వచ్చినవాడు. డాక్టర్‌కు వెండి లోటా. నాకూ నరసప్పకూ ఇత్తడివి. కాఫీ అదే, వేడి అదే, నాలుక కాలితే రెండింటికీ ఒకటే మంట, అయినా చూశాను, చూడకుండా ఉండలేకపోయాను. ఇదంతా అసూయే. దానికి వేరే మంచి పేరు వెతకను, సత్యం కోసం అని చెప్పుకోను. డాక్టర్ ఇప్పుడు నియమం దగ్గరికి వచ్చాడు, చెయ్యి ఊపుతున్నాడు, చొక్కా చంకలు తడిసిపోయాయి, పాపం మంచి మనిషి, నాన్నకు జ్వరమొస్తే కొయినా మాత్రలు కరువైన ఈ రోజుల్లో ఎక్కడి నుంచో తెచ్చి ఇచ్చాడు, అంత మంచివాడు కాకపోయి ఉంటే నా ప్రాణానికి సుఖంగా ఉండేది. ఇప్పుడు చెప్పనా? చెప్పకపోతే? బెంగళూరు వెళతారు, వందమంది ముందు నిలబడతారు, అక్కడ తెలుగు తెలిసిన రైతు బిడ్డ ఎవడో ఒకడు లేచి, సార్ అది పదునైదు కాదు అంటాడు, గది గదంతా నవ్వుతుంది. ఆ నవ్వును ఎన్నిసార్లు విన్నానో ఈ మూడు రోజుల్లో. విన్న ప్రతిసారీ డాక్టర్ ముఖమే చూడాలనుకుంటాను, పక్కన నిలబడిన వాసుదేవ్ ముఖం వచ్చేస్తుంది. వాడు సుద్దముక్క కింద పెట్టి తల దించుకుంటాడు. అక్కడికొచ్చేసరికి నా కల ఆగిపోతుంది.

పదును. ఈ మాటను ఈ మిద్దె మీద ఎప్పుడైనా పలికానా? లేదు. విత్తనమనీ గుంటక అనీ పదును అనీ ఒక్క మాట రానివ్వలేదు. నాన్న కాలి బొటనవేలితో మట్టిని కెలికి, వంగి పిడికెడు తీసి, పిసికి, వదిలి చూసేవాడు, ముద్ద కట్టి విచ్చుకుంటే పదును, వేళ్ళకు అంటుకుంటే ఎక్కువ, రాలిపోతే తక్కువ, నన్ను కూడా పిసకమనేవాడు, నా అరచేతికి ఇప్పటికీ తెలుసు. అదంతా ఊళ్ళో వదిలేసి శుభ్రంగా చేతులు కడుక్కుని ఇక్కడికి వచ్చేవాణ్ణి, వాసుదేవ్ పక్కన కూర్చోవడానికి. డాక్టరేమో జ్వరాలూ కఫాలూ మూటగట్టుకుని అలాగే వచ్చి కూర్చున్నాడు. బయటి సరుకు రావాలని ఉపన్యాసమిచ్చిన నేను నా సరుకు మెట్ల కిందే దాచేశాను. ఈ ఆలోచన ఇప్పుడే రావాలా, ఇత్తడి లోటా బెంచీ కింద పెట్టేశాను.

ప్రొఫెసర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "అంతా బాగుండాది. ఒకటి అడుగుతా. పది ఉండాది, ఇరవై ఉండాది, పక్కనే పదునాలుగు, పదహారు ఉండాయి. ఈ పదునైదు దగ్గరే ఇంత గుంపేందప్పా? వానకు అంకెల మీద ప్రేమ ఉంటుందా?" డాక్టర్ గుంటల గురించి మొదలుపెట్టాడు, తడబడ్డాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రొఫెసర్ తల అడ్డంగా ఆడించాడు. వాసుదేవ్ మెల్లగా తల తిప్పాడు, డాక్టర్ వైపు కాదు, నా వైపు, మైసూరు గదిలో లెక్కకు దారి మూసుకుపోయినప్పుడు చూసేవాడే, అచ్చం ఆ చూపే. లేచాను. వాణ్ణి కాపాడటానికి లేచానో ఆయన్ని పడగొట్టడానికి లేచానో ఇప్పటికిప్పుడు చెప్పమంటే చెప్పలేను, రెండూ కలిసే లేచాయి. "సార్, అది అంకె కాదు. డాక్టరుగారికి అట్లా వినపడింది. మావాళ్ళు చెప్పింది పదునైదు కాదు, పదునైంది. నేల పదునైంది, దున్నుకోవచ్చు అని. ఎన్ని సెంట్లు పడిందో వాళ్ళెవరూ కొలవనే లేదు." ఒక్కో మాటా నిదానంగా, బడిలో చెప్పినట్టు చెప్పాను. మావాళ్ళు అన్నాను. చెప్పి డాక్టర్ ముఖం వైపు తిరిగాను, మూడు రోజులుగా చూడాలనుకున్న ముఖం.

ముందు ఎర్రబడింది, అంతవరకు నేను అనుకున్నట్టే. తర్వాత పెదవులు కదిలాయి, "పదునైంది... పదును... హదును... హద!" ఒక్క అరుపు అరిచాడు, నరసప్ప ఉలిక్కిపడి లేచాడు. "హద! మా కడె నేల పదునైతే హద బంతు అంటారు సార్, మా తాత రోజూ అనేవాడు! అయ్యయ్యో, నా సూత్రం నా చెవిలోనే చెప్పింది, నేను వినలేదు!" నవ్వుతున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అరచేత్తోనే బోర్డు మీది అంకెను తుడిచేశాడు, సిగ్గు అన్నది ఎక్కడా లేదు ఈ మనిషిలో. "అంటే నేల తాగినంత తాగినాకే కదా మిగతా నీళ్ళు గుంటల్లో నిలిచేది! దోమకు కావలసింది అదే! సీసాలు పోతే పోయాయి, వీళ్ళు దానికంటే మంచిదే చెప్పినారు, నేనే తప్పుగా రాసుకున్నాను!" ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు. అంకె తప్పు, వరస నిజం అన్నాడు, పదునుకూ జ్వరానికీ ముడి పెట్టి మళ్ళీ కట్టండి, ఇది బెంగళూరుకు రావలసిందే అన్నాడు, పదును ఎట్లా చూస్తారో చెప్పమని నన్ను అడిగాడు, నేను చెయ్యి చాపి పిడికిలి బిగించి చూపించాను, అందరూ నా చేతినే చూశారు. కూల్చడానికి వేసిన రాయి వాళ్ళ గోడలో సరిగ్గా కుదురుకుంది. అయినా సంతోషం వచ్చింది, దాచను, గుండె నిండా వచ్చింది, ఎందుకంటే వాసుదేవ్ నన్నే చూస్తున్నాడు.

"ఎప్పుడు తట్టిందిరా ఇది?" అన్నాడు. గొంతులో ప్రేమే ఉంది. "ఇప్పుడే. సారు అడిగినాక" అన్నాను. డాక్టర్ నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తూ, "ఎంత బుద్ధి చూడండి! మొన్న గురువారం లక్ష్మక్క ఈయన ముందే చెప్పింది, నేను ఈయన ముందే రాసుకున్నాను, అప్పుడు ఇద్దరికీ తెలియలేదు!" అన్నాడు. ఆయనకు ఏ కల్మషమూ లేదు, ఉంటే ఆ మాట అనేవాడే కాదు. గురువారం. వాసుదేవ్ ముఖంలో ఏమీ మారలేదు, వాడికి లెక్క చేసేటప్పుడు ముఖం కదలదు. గురువారం తర్వాత శుక్రవారం వస్తుంది, మా చాప, పరిచిన కాగితాలు, తప్పేం లేదు అన్న నా గొంతు. తల పక్కకు తిప్పి ప్రొఫెసర్‌తో చాలా మర్యాదగా అన్నాడు, "సార్, చోటు ఇద్దరికే అంటిరి గదా. గంగాధర, డాక్టరుగారు వస్తారు. నేను గీసిన గీత పదునైదుది, అది పోయింది. పదును వాళ్ళిద్దరిదీ. నా పేరు వద్దు." డాక్టర్ అడ్డం పడ్డాడు, కూడదు కూడదు అన్నాడు, ప్రొఫెసర్ కూడా ఏదో అన్నాడు. వాడు నవ్వుతూనే ఉన్నాడు, పెళ్ళివారి ముందు నవ్వినట్టు, ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. కాయల బండి వచ్చిందని చెప్పి మెట్లు దిగిపోయాడు. బండి చప్పుడేదీ నాకు వినపడలేదు.

డాక్టర్ వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు, మందుల వాసన, చెమట వాసన. ఆయనకు ఆగడం లేదు. "సరి, మనమిద్దరం మొదటి నుంచి కట్టాలి. ఎప్పుడు కూర్చుందాం గంగాధరప్పనవరే?"

"ఆదివారం" అన్నాను.